గోడకో వేగం, ఒడికో వేగం

మా అమ్మాయి ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతోంది. వాళ్ళకి పరీక్షల కంటే ‘జ్యూరీ’ పెద్ద గండం. బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్టుల ముందు నిలబడి, వారాల తరబడి గీసిన భవనాన్ని కంప్యూటర్లో నడిచి చూపించాలి. గేటు దాటి, మెట్లెక్కి, కిటికీలోంచి ఎండ ఎలా పడుతుందో కూడా చూపించాలి. దాన్ని వాక్‌త్రూ అంటారట. ఇంట్లో మా ముందు చూపించినప్పుడు నీళ్ళు పారినట్టు సాగింది. తీరా జ్యూరీ రోజున గతుకుల రోడ్డు మీద ఆటో వెళ్ళినట్టు కుదుపులు. మెట్లు ఎక్కడానికి అర నిమిషం పట్టిందట. వచ్చినవాళ్ళలో ఒకాయన వాచీ చూసుకున్నాడట. అది చాలు, పిల్ల గొంతు ఆరిపోయింది.

ఆ ల్యాప్‌టాప్ కోసం చీటీ పాడి 98 వేలు పెట్టాం. గేములాడేవాళ్ళు కొనే రకం అది. వాళ్ళు వాడే లూమియన్ లాంటి సాఫ్ట్‌వేర్లకి అంత గ్రాఫిక్స్ చిప్పు ఉంటే తప్ప కుదరదన్నారు. కొన్న రోజునే మా ఆడపడుచు “ఆడపిల్లకి గేమింగ్ ల్యాప్‌టాప్ ఏమిటి వదినా?” అంది. ఇప్పుడు మావారు “రాత్రంతా గేములాడి దాన్ని పాడుచేశావు” అన్నారు. నేనూ ఊరుకోలేదు. “మీ అత్తయ్య అన్న మాటే నిజమైంది” అనేశాను. అది ఒక్కటే మాట చెప్పింది. “ఛార్జర్ పెడితే బాగానే ఉంటోందమ్మా. ఆ హాల్లో ప్లగ్గులన్నీ ఒక్క గోడకే ఉన్నాయి, నాకు దొరకలేదు.” సాకు చెబుతోందనుకున్నాం ఇద్దరం.

షాపుకి మూడుసార్లు తిప్పాం. బల్ల మీద పెట్టగానే వాళ్ళు చేసే మొదటి పని ప్లగ్గు గుచ్చడం. ఇంకేముంది, బ్రహ్మాండంగా నడిచేది. డాక్టరు గది గుమ్మం తొక్కగానే పిల్లల జ్వరం దిగిపోతుంది చూడండి, అలాగన్నమాట. మూడోసారి తిరిగొచ్చాక అమ్మాయి ఏమీ మాట్లాడకుండా ల్యాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, వాక్‌త్రూ నడిపిస్తూ ఛార్జర్ తీగ లాగేసింది. తెర మీద భవనం అక్కడికక్కడే తడబడింది. మళ్ళీ గుచ్చింది, సాఫీ అయింది. నాలుగుసార్లు చేసి చూపించి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బ్యాటరీ అప్పటికి 80 శాతం ఉంది. నిండుగా ఉన్నదానికి ఈ నీరసం ఏమిటి? తర్వాత రెండు వారాలు దొరికినవన్నీ చదివాను, తెలియనివి దాన్నే అడిగాను. చదువుతుంటే ఇది మా ఇంటి గొడవ కాదని, నలభై ఏళ్ళ పైబడిన కథని తెలిసింది.

మీరందరూ చేసే పనితోనే మొదలుపెడతాను. పిల్లల బొమ్మ కారు నడవడం మానేస్తే అందులో సెల్లు తీసి పారేస్తామా? నేనైతే పారెయ్యను. గోడగడియారంలో వేస్తాను. నెలల తరబడి టిక్ టిక్ మంటూనే ఉంటుంది. చచ్చిందనుకున్న సెల్లు ఎలా బతికింది? అందులో సరుకు ఉంది, కానీ ఒక్కసారిగా ఇచ్చే ఓపిక లేదు. గడియారం చుక్క చుక్కగా తాగుతుంది. బొమ్మ కారు గటగటా తాగాలంటుంది. మేడ మీద ట్యాంకు నిండా నీళ్ళున్నా కొళాయి సన్నదైతే బిందె తొందరగా నిండదు కదా. ట్యాంకు ఎంత పెద్దది అన్నది ఒక లెక్క, కొళాయి ఎంత లావు అన్నది ఇంకో లెక్క. తెర మీద కనిపించే 80 శాతం ట్యాంకు లెక్క మాత్రమే.

ల్యాప్‌టాప్ చరిత్ర అంతా ఈ రెండు లెక్కల మధ్య జరిగిన బేరమే.

చేత్తో పట్టుకెళ్ళే కంప్యూటర్‌గా బాగా అమ్ముడుపోయిన మొదటిది 1981లో అమెరికాలో వచ్చిన ఆస్‌బోర్న్ 1. దాని కర్త ఆడమ్ ఆస్‌బోర్న్ గురించి చదివి ఆశ్చర్యపోయాను. ఆయన చిన్నతనం గడిచింది అరుణాచలంలో! తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి మీద పుస్తకాలు రాసినాయన. మన చలం గారు చివరి దాకా ఉన్నది కూడా ఆ ఊళ్ళోనే. గిరి ప్రదక్షిణ చేసిన ప్రతిసారీ నడిచిన ఆ వీధుల్లోనే ఆ పిల్లాడూ తిరిగి ఉంటాడు కదా అనిపించింది. పెద్దయ్యాక అమెరికాలో కంపెనీ పెట్టి, అది దివాలా తీశాక చివరికి మన దేశానికే వచ్చి 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

ఆయన చేసిన యంత్రం మాత్రం కుట్టుమిషను పెట్టెలా ఉండేది. బరువు దాదాపు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, ధర 1,795 డాలర్లు. లోపల బ్యాటరీ లేదు. మోసుకెళ్ళొచ్చు కానీ వెళ్ళిన చోట గోడకి గుచ్చాల్సిందే. ఒక విధంగా నిజాయితీ గల యంత్రం. గోడ లేకపోతే నడవను అని ముందే చెప్పేసింది.

రెండేళ్ళకి, 1983లో, దానికి పూర్తిగా వేరే దారిలో టీఆర్‌ఎస్-80 మోడల్ 100 వచ్చింది. ఇది నిజంగా ఒళ్ళో పెట్టుకునేది. మన గోడగడియారంలో వేసే సైజు సెల్లులు నాలుగు వేస్తే 20 గంటల దాకా నడిచేది. పత్రికల విలేకరులు దాన్ని చంకన పెట్టుకుని తిరిగేవారట. ఎక్కడ కూర్చుంటే అక్కడే వార్త రాసి, టెలిఫోను తీగ గుండా ఆఫీసుకి పంపేసేవారు. మరి అన్ని గంటలు ఎలా వచ్చాయి? తెరలో వెలుగు లేదు, రంగులు లేవు. వరసకి 40 అక్షరాల చొప్పున 8 వరసలు, అంతే. అది గోడగడియారం జాతి యంత్రం. చుక్క చుక్కగా తాగేది. అందుకే ప్లగ్గు ఉన్నా లేకపోయినా దాని వేగంలో తేడా లేదు.

మనుషులు అక్కడ ఆగితే మన జ్యూరీ గొడవే ఉండేది కాదు. ఆగలేదు. తెర వెనక దీపం వచ్చింది, హార్డ్ డిస్కు వచ్చింది, రంగులొచ్చాయి, ఆఫీసులో బల్ల మీదున్న కంప్యూటరుకి ఉన్నంత వేగం ఒళ్ళోనూ కావాలన్నారు. ఇటు బ్యాటరీ కూడా మెరుగైంది, కాదనను. పాత నికెల్ కాడ్మియం పోయి, 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీని బజార్లోకి తెచ్చింది. దాని వెనకున్న ముగ్గురు శాస్త్రవేత్తలు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకి 2019లో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్ గారి వయసు 97. అంత గొప్ప బ్యాటరీ వచ్చినా చిప్పుల దాహంతో పరిగెత్తలేకపోయింది. జీతం పెరిగిన నెలలోనే ఖర్చూ పెరగడం మనకి కొత్తా?

ఈ కథలో అసలు మలుపు 2000 జనవరి. ఇంటెల్ కంపెనీ ల్యాప్‌టాప్‌ల కోసం స్పీడ్‌స్టెప్ అనే పద్ధతితో పెంటియం 3 చిప్పు విడుదల చేసింది. గోడకి గుచ్చి ఉన్నంతసేపూ 650 మెగాహెర్ట్జ్ వేగం. తీగ లాగేస్తే దానంతటదే 500కి దిగిపోతుంది. అంటే ఒకే చిప్పుకి రెండు వేగాలు, ఒకటి గోడకి, ఒకటి ఒడికి.

దీని వెనక లెక్క తమాషాగా ఉంటుంది, ఒక్క నిమిషం ఓపిక పట్టండి. చిప్పు తాగే కరెంటు దాని వేగాన్ని బట్టి పెరుగుతుంది. కానీ దానికిచ్చే వోల్టేజిని బట్టి అంతకంటే ఎక్కువగా, వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం తగ్గిస్తే వోల్టేజి కూడా తగ్గించుకోవచ్చు. ఆ పెంటియంలో వోల్టేజి 1.6 నుంచి 1.35కి దిగేది. రెండూ కలిపి గుణిస్తే, వేగంలో పావు వంతు కూడా పోకుండానే కరెంటు ఖర్చు దాదాపు సగానికి వచ్చేస్తుంది. పప్పు ఒక ఉడుకు వచ్చాక మంట సిమ్‌లో పెడతాం కదా. పది నిమిషాలు ఎక్కువ పట్టినా గ్యాసు మిగులుతుంది. ఇంజనీర్లు చేసింది అదే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పైగా ఇంటెల్ ఆ రోజు ప్రకటనలోనే రెండు అంకెలూ చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

అదే 2000 నవంబరులో ఎన్విడియా కంపెనీ ల్యాప్‌టాప్‌ల కోసం మొదటి గ్రాఫిక్స్ చిప్పు తెచ్చింది, పేరు జీఫోర్స్ 2 గో. మామూలు చిప్పు ఇంటి లెక్కలు చూసే పెద్దావిడ అయితే, గ్రాఫిక్స్ చిప్పు పెళ్ళివంట చేసే వంటవాళ్ళ బృందం. వందలమంది ఒక్కసారే కూరలు తరుగుతారు. తెర మీద ప్రతి చుక్కకీ రంగు ఎంతో, నీడ ఎంతో లెక్కగట్టాలి కదా, సెకనుకి ముప్పై, అరవై సార్లు. వంటవాళ్ళు పెరిగేకొద్దీ పొయ్యిలూ పెరిగాయి.

మొదట్లో కంపెనీలు దీన్ని దాచలేదు. 2006లో సోనీ వైయో ఎస్‌జెడ్ అనే ల్యాప్‌టాప్ మీద ఒక చిన్న మీట పెట్టారు. ఒక పక్క ‘స్టామినా’, ఇంకో పక్క ‘స్పీడ్’. ఓపిక కావాలా, పరుగు కావాలా, నువ్వే తేల్చుకో అన్నట్టు. లోపల రెండు గ్రాఫిక్స్ చిప్పులుండేవి, చిన్నది ఒకటి, పెద్దది ఒకటి. 2010లో ఎన్విడియా ఆప్టిమస్ పేరుతో ఆ మీట పని కంప్యూటరుకే అప్పజెప్పింది. పని చిన్నదైతే చిన్న చిప్పు, పెద్దదైతే పెద్ద చిప్పు, మనకి తెలియకుండానే మారిపోతాయి. 2014లో బ్యాటరీ బూస్ట్ అని ఇంకోటి తెచ్చింది. పేరు చూస్తే బ్యాటరీకి బలం మాత్ర ఏదో వేస్తున్నట్టుంటుంది. జరిగేది మాత్రం, తీగ తీసేస్తే ఆటలో సెకనుకి చూపించే బొమ్మల్ని ముప్పై దగ్గర ఆపి చిప్పుకి విశ్రాంతి ఇవ్వడం. పేర్లు పెట్టడంలో ఈ కంపెనీలు మన సీరియళ్ళ వాళ్ళకేం తీసిపోవు.

సౌకర్యం బాగానే ఉంది. కానీ నా మట్టుకు నాకు ఆ సోనీ మీటే నచ్చింది. మీట కళ్ళెదుట ఉంటే ఆ పిల్ల జ్యూరీలో నిలబడి బిత్తరపోయేది కాదు. ఏ పక్కన ఉందో చూసుకునేది.

మరి సెట్టింగుల్లోకి వెళ్ళి ఈ పొదుపులన్నీ తీసేస్తే? అమ్మాయి అదీ చేసింది. కాస్త తేడా వచ్చింది, అంతే. ఎందుకంటే పొదుపు కోసం తగ్గించడం ఒకటి, బ్యాటరీ ఇవ్వలేక తగ్గించడం ఇంకొకటి. మొదటిది మనం మార్చుకోవచ్చు. రెండోదాన్ని కంపెనీ లోపల బిగించేసి పంపుతుంది.

ఇవ్వలేకపోవడం అంటే ఏమిటో అంకెల్లో చూద్దాం. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 4060 అనే చిప్పు ల్యాప్‌టాప్‌లలో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా తాగేలా అమర్చుకోవచ్చు. చిప్పు పేరు ఒకటే, తాగుడు మాత్రం మూడింతలు తేడా. దానికి తోడు మామూలు చిప్పు, తెర, ఫ్యాన్లు. అన్నీ కలిసి పూర్తి పరుగులో 200 వాట్ల దాకా వెళ్ళొచ్చు. ఇటుకంత ఛార్జరు ఇస్తారే, అది అందుకే. మనింటి సీలింగు ఫ్యాను 75 వాట్లనుకుంటే, రెండున్నర ఫ్యాన్లకి పైనే ఒళ్ళో తిరుగుతున్నట్టు.

మా ల్యాప్‌టాప్ బ్యాటరీ 90 వాట్-అవర్లు. అంటే 90 వాట్ల చొప్పున వాడితే గంట వస్తుంది. 200 వాట్లు లాగితే అరగంట కూడా రాదు. సరే, అరగంటే రానీ, జ్యూరీకి అది చాలదా? చాలు. కానీ అంత వేగంగా లాగితే సెల్లు లోపల వేడి పుడుతుంది. రెండింతలు లాగితే వేడి నాలుగింతలు. వోల్టేజి కూడా కుంగుతుంది. మరీ కుంగితే కంప్యూటరు టక్కున ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌లో వేసేవి ఎక్కువ నిల్వ చేసే సెల్లులు, గోడకి కన్నాలు వేసే డ్రిల్లుల్లో వేసేవి ఎక్కువగా కక్కే సెల్లులు. రెండు గుణాలూ ఒకదాంట్లో నిండుగా కుదరవు. పోనీ బ్యాటరీనే పెద్దది చేద్దామంటే విమానాలవాళ్ళు ఒప్పుకోరు. 100 వాట్-అవర్లు దాటితే విమానంలో తీసుకెళ్ళడానికి విమాన సంస్థ అనుమతి కావాలి. పెద్ద పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు 99 దగ్గర ఎందుకు ఆగిపోతాయో ఇప్పుడు అర్థమైందా?

ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. 2006 ఆగస్టులో డెల్ కంపెనీ, లోపల సోనీ సెల్లులున్న 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీల్ని వెనక్కి పిలిపించింది, నిప్పు అంటుకునే ప్రమాదం ఉందని. అది చదివాక, ఒళ్ళో పెట్టుకునే వస్తువు కొంచెం నిదానంగా నడిస్తే నడిచిందిలే అనిపించింది నాకు. నిప్పుతో పరాచికాలు వద్దు, వంటింట్లో ఉండేవాళ్ళకి ఒకరు చెప్పాలా?

ఇందులో ఇంకో రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. ఆపిల్ వాళ్ళ పాత మ్యాక్‌బుక్‌లకి బ్యాటరీ ఊడదీసి వట్టి గోడ కరెంటు మీద నడిపితే వేగం తగ్గించుకునేవి! ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాల్సి వస్తే ఛార్జరు ఒక్కటే సరిపోదని, బ్యాటరీ కూడా ఒక చెయ్యి వేయాలని వాళ్ళ ఏర్పాటు. అంటే గోడే పెద్ద దిక్కు అనుకోవడానికీ లేదు. ఇద్దరూ కలిస్తేనే కొన్ని సంసారాలు నడుస్తాయి.

రెండోది, 2017 డిసెంబరులో అదే ఆపిల్ పాత ఐఫోన్ల వేగాన్ని తగ్గిస్తున్నామని ఒప్పుకుంది. బ్యాటరీ ముసలిదైతే ఒక్క ఉదుటున కరెంటు ఇవ్వలేక ఫోను ఆగిపోతోందని, అందుకే నెమ్మది చేశామని. కారణం సబబైనదే. అయినా జనం మండిపడ్డారు. తగ్గించినందుకు కాదు, చెప్పకుండా తగ్గించినందుకు. చివరికి క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్చడానికి తీసుకునే 79 డాలర్లని 29కి దించారు.

2020లో వాళ్ళే ఎం1 అనే చిప్పుతో వచ్చారు. తీగ ఉన్నా లేకున్నా దాదాపు ఒకటే వేగం. ఇదేం మాయ కాదు, చిప్పే తక్కువ తాగేలా చేశారు. మోడల్ 100 వంశం మళ్ళీ పుట్టినట్టు. మా అమ్మాయికి అది కొంటే పోయేది కదా అంటారేమో. వాళ్ళ చదువుకి కావాల్సిన లూమియన్, రెవిట్ విండోస్ మీదే నడుస్తాయి. కాబట్టి మాకు ఆ దారి లేదు.

ఇప్పుడు ఆ రెండు అంకెల మాటకొస్తాను. 2000లో 650, 500 అని రెండూ చెప్పారు. పావు శతాబ్దం తర్వాత మేం కొన్న అట్టపెట్టె నేను మళ్ళీ అటక మీద నుంచి దింపి, ఆరు పక్కలా చదివాను. చిప్పు పేరు పెద్దక్షరాల్లో ఉంది, తెర ఎన్ని అంగుళాలో ఉంది, కీబోర్డులో ఎన్ని రంగుల దీపాలు వెలుగుతాయో కూడా ఉంది. తీగ తీస్తే వేగం ఎంతకి పడిపోతుందో ఒక్క ముక్క లేదు. చీర అంచు రంగు పోతుందని కొట్టువాడు ముందే చెబితే మనం వేరుగా ఉతుక్కుంటాం. చెప్పకపోతే నింద ఉతికినవాళ్ళ మీద పడుతుంది. మా ఇంట్లో పడింది కూడా అలాగే.

మావారికి ఇదంతా ఒక ఆదివారం పూట చెప్పాను. గడియారం సెల్లు మాట చెప్పగానే ఆయనకి అర్థమైంది. ఎలక్ట్రికల్ సామాను కొట్టుకి వెళ్ళి ఐదు మీటర్ల తీగతో ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనుక్కొచ్చి, ఏమీ అనకుండా పిల్ల బల్ల మీద పెట్టారు. ఆయన క్షమాపణలు ఎప్పుడూ ఏదో ఒక వస్తువు రూపంలోనే ఉంటాయి. నేను మాత్రం నోటితోనే చెప్పాను. “నువ్వు చెప్పింది వినకుండా మీ అత్తయ్య మాట నీ మీదకి విసిరాను, తప్పు నాదే” అన్నాను. “ఇప్పుడు తెలిసిందిగా, వదిలెయ్యమ్మా” అంది, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. తిప్పకుండానే పక్కనున్న కుర్చీ నా వైపు జరిపింది.

అప్పుడే కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది, ఫ్యాను కాస్త నెమ్మదించింది. తెర మీద మాత్రం భవనం సాఫీగానే తిరుగుతోంది. “అదేమిటే, ఇదీ బ్యాటరీయేగా?” అన్నాను. “ఇన్వర్టరు కరెంటైనా వచ్చేది ఛార్జర్ గుండానేగా అమ్మా, గోడకే ఉన్నాననుకుంటుంది ఇది” అని నవ్వింది.

వచ్చే గురువారం దానికి మళ్ళీ జ్యూరీ. ఎక్స్‌టెన్షన్ బాక్సు బ్యాగులో పట్టడం లేదు. కూరగాయల సంచీ ఒకటి ఉతికి ఆరేశాను.